ఊరి బడికి గోల్డ్ అవార్డ్ ప్రాజెక్టు: బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. అమ్మాయి డాలస్ దగ్గర పదో గ్రేడ్ చదువుతోంది, అమెరికాలో ఆడపిల్లల స్కౌట్ సంస్థ గర్ల్ స్కౌట్స్‌లో అన్నిటికన్నా పెద్దదైన గోల్డ్ అవార్డ్ చేయాలనుకుంటోంది. వినుకొండ దగ్గర మీ సొంతూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పది కంప్యూటర్లతో ల్యాబ్ పెట్టిద్దామని మీ ఆలోచన. స్నేహితులంతా కలిసి ఎనిమిది వేల డాలర్లు ఇస్తామన్నారు. జూన్ మొదట్లో వెళ్లి, ప్రారంభోత్సవం చేసి, మూడు వారాల్లో తిరిగి వచ్చేస్తారు. ఇది అప్రూవ్ అవుతుందా, ప్రపోజల్ ఎలా రాయాలి అని అడిగారు.

నేను పదకొండేళ్లుగా ట్రూప్ లీడర్‌ని, అంటే గర్ల్ స్కౌట్ పిల్లల ఒక బృందాన్ని నడుపుతున్నాను. ఆరేళ్లుగా మా ప్రాంతపు గర్ల్ స్కౌట్ కౌన్సిల్‌లో గోల్డ్ అవార్డ్ ప్రపోజళ్లు చదివే కమిటీలో వాలంటీర్‌గా ఉన్నాను, పిల్లల ఇంటర్వ్యూలకు కూర్చుంటున్నాను. సూటిగా చెబుతున్నా, ఏమీ అనుకోకండి. ఇప్పుడున్న రూపంలో ఇది అప్రూవ్ కాదు. ఒకవేళ అయినా చేయొద్దనే అంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మా పెద్దమ్మాయి ఎనిమిదో గ్రేడ్‌లో, గోల్డ్‌కి కింది మెట్టైన సిల్వర్ అవార్డ్ చేసింది. కృష్ణా జిల్లాలో మా అత్తగారి ఊరి బడికి లైబ్రరీ పెడదామన్నాం. "పెడదామన్నాం" అని ఊరికే అనలేదు, అన్నది మేమే, పిల్ల కాదు. ఇక్కడ చుట్టుపక్కల ఇళ్లన్నీ తిరిగి మూడు వందల పుస్తకాలు పోగుచేశాం. మూడు సూట్‌కేసుల్లో మోసుకెళ్లాం. టౌన్‌లో స్టీల్ బీరువా కొన్నాం. రిబ్బన్, శాలువా, సర్పంచ్‌గారి ప్రసంగం, మా అమ్మాయి ఫోటోతో గేటు దగ్గర ఫ్లెక్సీ, అన్నీ అయ్యాయి. మా మామగారి కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

రెండేళ్ల తర్వాత వెళ్తే బీరువాకి తాళం వేసి ఉంది. హెచ్ఎంగారికి బదిలీ అయింది. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఒక టీచరమ్మ మెల్లగా అసలు విషయం చెప్పింది. పుస్తకాలు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాయట. ఒక్కటి పోయినా తనిఖీలో జవాబు చెప్పాల్సింది చార్జ్‌లో ఉన్న టీచరే. అలాంటప్పుడు పిల్లల చేతికి ఎవరు ఇస్తారు? ఆ భయంతో మొదటి నుంచీ ఆ బీరువా తెరిచిందే తక్కువ. చివరికి తాళం పగలగొట్టించాం. పుస్తకాలు మేం సర్దిన వరసలోనే ఉన్నాయి. పైన ఉన్నది మంచు బొమ్మ చేసుకునే పిల్లాడి కథ. ఏడో తరగతి పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, ఇవి తెలుగులో లేవా?" అని అడిగింది.

మీ కంప్యూటర్లకీ ఇదే గతి పడుతుందని శాపం పెట్టడం లేదు. కానీ బీరువాకి స్టాక్ రిజిస్టర్ ఒక్కటే అడ్డం. కంప్యూటర్‌కి స్టాక్ రిజిస్టర్‌తో పాటు కరెంటు, యూపీఎస్ బ్యాటరీ, నెట్ బిల్లు, చెప్పే మనిషి, ఇన్ని కావాలి. పైగా ఆంధ్రాలో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద చాలా హైస్కూళ్లకి ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. ఆ బడిలో ఇప్పటికే ఏమున్నాయి, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి అన్నది మీ పోస్టులో ఎక్కడా లేదు. మీ అమ్మాయి అడిగిందా? మీరైనా అడిగారా?

పుస్తకాలివ్వడమే తప్పని కాదు. హైదరాబాద్‌లో ఆకర్షణ సతీశ్ అనే అమ్మాయి గురించి వినే ఉంటారు, 2023 సెప్టెంబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. అప్పటికి ఏడో తరగతి. తల్లిదండ్రులతో కలిసి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడి పిల్లలు రంగులు వేసుకునే పుస్తకాలు కావాలని అడిగారు. అక్కడి నుంచి మొదలై ఏడు లైబ్రరీలు, ఆరు వేల దాకా పుస్తకాలు అయ్యాయి. నాకు ఇందులో నచ్చింది అంకెలు కాదు. అడిగింది ఆసుపత్రి మంచం మీదున్న పిల్లలు, విన్నది ఇంకో పిల్ల. మా ఇంట్లో మాత్రం అడిగినవాళ్లే లేరు, ఇచ్చేవాళ్లమే అందరం.

ఇక గోల్డ్ అవార్డ్ సంగతి. కొత్తగా చదివేవాళ్ల కోసం కూడా చెబుతున్నా. గర్ల్ స్కౌట్స్ 1912లో జార్జియా రాష్ట్రంలోని సవానాలో జూలియట్ గోర్డన్ లో అనే ఆవిడ మొదలుపెట్టిన సంస్థ. అందులో నాలుగు, ఐదు గ్రేడ్ల వాళ్లకి బ్రాంజ్, ఆరు నుంచి ఎనిమిది వరకు సిల్వర్, తొమ్మిది నుంచి పన్నెండు వరకు గోల్డ్. గంటలు సుమారుగా 20, 50, 80. మొదటిది ట్రూప్ అంతా కలిసి చేస్తుంది, సిల్వర్ ఇద్దరు ముగ్గురు కలిసి చేయొచ్చు, గోల్డ్ మాత్రం ఒక్క పిల్లదే. టీమ్ ఉండాలి, కానీ నడిపేది తనొక్కతే. సిల్వర్ చేసి ఉంటే పైస్థాయి జర్నీ (ఒక అంశం మీద వరసగా చేసే కార్యక్రమాలు) ఒకటి, లేకపోతే రెండు, ముందే పూర్తయి ఉండాలి. మీరు ఆ విషయం రాయలేదు, ఒకసారి చూసుకోండి. ప్రపోజల్ అప్రూవ్ కాకముందు చేసిన పని లెక్కలోకి రాదు. ఈ రూల్ దగ్గర ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏడుస్తారు.

కమిటీలో మేం చూసేవి ముఖ్యంగా రెండు. సమస్య వేరు ఎక్కడుందో పిల్ల పట్టుకుందా? తను పక్కకి తప్పుకున్నాక కూడా పని నడుస్తుందా? దుప్పట్లు పంచడం, బ్యాగులు ఇవ్వడం, భవనానికి రంగులేయడం మంచి పనులే. వాటిని సేవ అంటారు. గోల్డ్‌కి అది చాలదు. బడిలో కంప్యూటర్ లేకపోవడం సమస్య అని మీరు అనుకున్నారు. కానీ కంప్యూటర్ లేకపోవడం వల్ల ఎవరికి, ఏం ఆగిపోయింది? ఈ ప్రశ్నకి జవాబు డాలస్‌లో దొరకదు.

డబ్బు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గర్ల్ స్కౌట్ హోదాలో పిల్ల నేరుగా డబ్బు అడగకూడదు, అడగాల్సింది పెద్దవాళ్లు. గర్ల్ స్కౌట్ పేరు మీద ఇంకో సంస్థ కోసం చందాలు వసూలు చేయడమూ కుదరదు. అటువైపు ఇండియాలో విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్ఏ, ఉంది. ఇక్కడి పౌరసత్వం ఉన్నవాళ్లు, ఓసీఐ (భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా సరే, ఇండియాలో ఒక సంస్థకి పంపే డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది. తీసుకునే సంస్థకి ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊళ్లో యూత్ అసోసియేషన్ ఖాతాలో వేసేద్దాంలే అనుకుంటే వాళ్లని చిక్కుల్లో పెట్టినట్టే. ఎనిమిది వేలు పక్కన పెట్టండి. నేను చూసిన మంచి ప్రాజెక్టుల్లో చాలావాటికి ఐదొందలు కూడా కాలేదు.

మరి ఏం చేయాలి? ఏం చేయాలో నేను చెబితే నేనూ మీలాగే అయిపోతాను. కానీ ఒక ఉదాహరణ చెప్పగలను. మూడేళ్ల క్రితం నేను మెంటర్‌గా ఉన్న ఒక అమ్మాయి కూడా మొదట ట్యాబ్‌లు ఇస్తానంటూ వచ్చింది. వాళ్లది ప్రకాశం జిల్లా. నేను ఒక్కటే చెప్పాను. ప్రపోజల్ రాయకు, ముందు ఆరు వారాలు ఆ బడి ఆడపిల్లలతో ఫోన్‌లో మాట్లాడు అని. వేసవిలో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ పొద్దున్న ఎనిమిది. నవంబరులో గడియారం మార్చాక అది తొమ్మిది అవుతుంది, బడి మొదలయ్యే వేళ. లెక్కల టీచరు ఫోన్ మీద వారానికి ఒకసారి అరగంట.

మొదటి రెండు వారాలు పిల్లలు సిగ్గుతో నోరు విప్పలేదు. ఈ పిల్లకేమో తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే అందరినీ "నువ్వు" అంటుంది. హెచ్ఎంగారిని "నువ్వు ఎలా ఉన్నావు" అని పలకరించేసరికి అటువైపు క్లాసు మొత్తం ఘొల్లుమంది. అక్కడి నుంచి మాటలు కలిశాయి. "గారు" ఎప్పుడు పెట్టాలో పదో తరగతి పిల్లలు దీనికి పాఠం చెప్పారు. ఆ మాటల మధ్యలో ఒక పిల్ల అంది, మా అక్కకి స్కాలర్‌షిప్ వచ్చేదంట, కానీ పేరు తప్పు పడి ఆగిపోయింది అని.

అది ఎన్ఎంఎంఎస్. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు రాసే పరీక్ష. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 5 శాతం సడలింపు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏటా 12,000 రూపాయలు ఖాతాలో పడతాయి. దేశం మొత్తం మీద ఏడాదికి లక్ష మందికి ఇస్తారు. నాలుగేళ్లకి 48,000. ఇక్కడ మనకి అదొక ఫోన్ ఖరీదు. పత్తి చేలో కూలికి వెళ్లే తల్లికి, పదో తరగతి అవగానే పిల్లని బడి మాన్పించాలా వద్దా అన్న ఆలోచనలో అది చిన్న మొత్తం కాదు.

పరీక్షలో రెండు భాగాలు. ఆలోచనా శక్తిని చూసే మ్యాట్‌లో 90 ప్రశ్నలు, చదువుని చూసే శాట్‌లో 90, ఒక్కోదానికి గంటన్నర. శాట్ అనగానే ఇక్కడి మన పిల్లలకి అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష గుర్తొస్తుంది, దీని సంగతి వేరు, ఇది ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు, సోషల్, లెక్కలు. వాటిని టీచర్లు బాగానే చెబుతారు. పిల్లలు దెబ్బతినేది మ్యాట్‌లో. అంకెల వరసలు, అద్దంలో బొమ్మ ఎలా కనిపిస్తుంది, ఏ పదం గుంపులో చేరదు, ఇలాంటివి. ఇవి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు, చూడకపోతే భయం, నాలుగు వారాలు సాధన చేస్తే ఆట.

ఇప్పుడు ఆ అమ్మాయి ఏం చేసిందో చూడండి. ట్యాబ్‌ల ఊసు వదిలేసింది. అంతకుముందు ఏడు పరీక్ష పాసై, స్కాలర్‌షిప్ అందుకుంటున్న తొమ్మిదో తరగతి పిల్లలు ఆ బడిలోనే ముగ్గురు ఉన్నారు. వాళ్లని టీమ్‌గా పెట్టుకుంది. పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించారు. మ్యాట్ ప్రశ్నలని రకాల వారీగా విడదీసి, ఒక్కో రకానికి ఒక అట్టముక్క మీద బొమ్మలతో కార్డులు చేశారు. డిజైన్ ఈ పిల్లది, తెలుగు ఆ పిల్లలది. శనివారం బడి వదిలాక గంట. చెప్పేది ఆ ముగ్గురే. ఈమె ఇటునుంచి వారానికి ఒకసారి వాళ్లతో మాట్లాడి, ఏ కార్డు అర్థం కాలేదో తెలుసుకుని మార్చేది. ఈ ఏడు రాసి పాసైన పిల్ల వచ్చే ఏడు చెబుతుంది. తాళం చెవి, బీరువా, రిజిస్టర్, ఏవీ లేవు.

రెండో సగం ఇంకా ముఖ్యం, దాన్ని పట్టుకున్నందుకే ఆ ప్రాజెక్టు నాకు నచ్చింది. పాసవడం ఒక ఎత్తు, డబ్బు పడటం ఇంకో ఎత్తు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, ప్రతి ఏడూ రెన్యువల్ చేయాలి. బడి రికార్డులో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకేలా ఉండాలి. మన ఇంటిపేర్ల గొడవ మీకు చెప్పాలా? ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరం, ఇంకోచోట అసలు ఉండదు. ఒకచోట లక్ష్మి, ఇంకోచోట మహాలక్ష్మి. ఈ పిల్ల పాస్‌పోర్ట్‌లో కూడా ఇంటిపేరు వెనకా ముందూ అయి వాళ్ల నాన్న ఆరు నెలలు తిరిగాడట, అందుకే దీనికి వెంటనే వెలిగింది. ఒక పేజీ చెక్‌లిస్టు తయారుచేసి, ఏడో తరగతిలో ఉండగానే పిల్లలందరి చేతా మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకునేలా చేసింది. తేడా ఉంటే సరిదిద్దుకోవడానికి ఏడాది టైమ్ ఉంటుంది. దానికి ఖర్చు నలభై జిరాక్స్ కాపీలు.

ఆ అమ్మాయి మొదటి సంవత్సరం అదే బడి. రెండో సంవత్సరం పక్క ఊరి బడి వాళ్లు ఆ కార్డులు అడిగి తీసుకున్నారు. ఇంటర్వ్యూలో మేం ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది, ఎక్కడ దెబ్బతిన్నావు అని. ఈమె తడుముకోకుండా చెప్పింది. మొదటి కార్డులు ఇంగ్లిష్‌లో ఆలోచించి తెలుగులోకి మార్చానండీ, ఒక్కటీ అర్థం కాలేదు, మళ్లీ మొత్తం వాళ్లే రాశారు అని.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఇంటర్వ్యూ ఒకటి చెప్పనా? ప్రపోజల్ అద్భుతం. బడ్జెట్ పట్టికలు, రిస్క్ విశ్లేషణ, ఏ పని ఎప్పుడు చేయాలో గీతల్లో చూపే గాంట్ చార్టు. పద్నాలుగేళ్ల పిల్ల గాంట్ చార్టు వేస్తే నేను చప్పట్లు కొడతాను, కానీ ఆమెకి ఆ చార్టులో రెండో వరస ఏమిటో తెలియదు. ఇరవై నిమిషాల్లో "మా డాడీ" అని తొమ్మిదిసార్లు అంది. పాపం పిల్ల చెడ్డది కాదు, మాట్లాడుతుంటే అందులో ఎంత తెలివి ఉందో కనిపిస్తోంది, దానికి చోటే ఇవ్వలేదు. మన తెలుగువాళ్లలో ఇది ఎక్కువని చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది, ఎందుకంటే నేనూ చేశాను. ప్రాజెక్ట్ అడ్వైజర్‌గా తల్లిదండ్రులు ఉండకూడదని రూల్ పెట్టింది మన కోసమే అనిపిస్తుంది. మీ ఊరి బడి నుంచి ఒక టీచరు, లేదా ఇక్కడ ఆ విషయం తెలిసిన బయటి మనిషి ఎవరైనా సరే, మీరు మాత్రం కాదు. మీ పని కారు నడపడం, ఫోన్ రీచార్జ్ చేయించడం, అన్నం పెట్టడం.

కాలేజీ అప్లికేషన్‌కి ఉపయోగమా, ఇంకో స్కౌట్ సంస్థ ఇచ్చే పెద్ద హోదా ఈగిల్ స్కౌట్‌కి ఉన్నంత పేరు దీనికి ఉందా అని చివర్లో అడిగారు. పేరు అంత లేదు, నిజమే. కానీ ఈగిల్ ప్రాజెక్టుకి పని పూర్తయితే చాలు, తర్వాత నడవాలన్న షరతు లేదు. గోల్డ్‌కి ఉంది. రాసుకోవడానికి నిజంగా ఏదైనా మిగిలేది ఆ షరతు వల్లే. అంతకు మించి దాని గురించి ఆలోచించకండి.

టైమ్ విషయంలో మీ ప్లాన్‌లో ఒక చిక్కుంది. ఆంధ్రాలో బడులు ఏప్రిల్ చివర మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. మీరు జూన్ మొదట్లో దిగితే గేటుకి తాళం. తెరిచిన మొదటి రెండు వారాలు అడ్మిషన్లు, కిట్ల పంపిణీతో టీచర్లకి ఊపిరాడదు. వెళ్లాలనుకుంటే జూలైలో వెళ్లండి, ఇక్కడ మళ్లీ ఆగస్టు మధ్యలో బడి మొదలయ్యేలోపు వచ్చేయొచ్చు. అసలు వెళ్లకపోయినా ప్రాజెక్టు నడవాలి, వెళ్లడం అనేది అదనం అనుకోండి. హెచ్ఎంగారు సరే అన్నాక పైనున్న విద్యాశాఖ అధికారి చెవిన కూడా వేసి, ఒక కాగితం తీసుకోండి, బయటివాళ్లు బడిలో కార్యక్రమం పెడితే రేపు హెచ్ఎంగారికి మాట రాకూడదు. అక్కడి ఆడపిల్లల ఫోటోలు వాళ్ల ఇంట్లోవాళ్లని అడగకుండా ఎక్కడా పెట్టొద్దు. ఫ్లెక్సీ కూడా వద్దు. మా ఫ్లెక్సీ ఆ తర్వాత ఎవరో గేదెల కొట్టం మీద కప్పారు, దాని వల్ల జరిగిన ఒకే ఒక్క మేలు అది.

మీ అమ్మాయికి టైమ్ బోలెడుంది. పన్నెండో గ్రేడ్ పూర్తయిన ఏడాది సెప్టెంబరు 30 వరకు గడువు, కౌన్సిల్ ఇంకాస్త ముందు తేదీ పెట్టొచ్చు, అడగండి. ఇప్పుడు రెండు మూడు నెలలు మాటలకే ఇవ్వండి. ప్రపోజల్ జనవరి, ఫిబ్రవరిలో రాస్తే చాలు. ఎన్ఎంఎంఎస్సే చేయాలని లేదు. ఆ బడి పిల్లలు చెప్పేది ఇంకేదైనా కావచ్చు. మరుగుదొడ్డికి నీళ్లు రాకపోవచ్చు, సాయంత్రం ఆరు దాటాక బస్సు లేకపోవచ్చు, పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ అనేవి ఉన్నాయని తెలియకపోవచ్చు. ఏది బయటపడితే దాని వెనకాల వెళ్లమనండి.

మొదటి ఫోన్ మాత్రం మీరు చేయకండి, మీ నాన్నగారితో చేయించకండి. నంబరు ఇచ్చి అమ్మాయినే చేయమనండి, ఈ గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి. "నమస్కారం మాస్టారూ, ఎనిమిదో తరగతి ఆడపిల్లలతో పది నిమిషాలు మాట్లాడొచ్చా అండీ?" ఈ ఒక్క వాక్యం ప్రాక్టీస్ చేసుకుంటే చాలు. "నువ్వు" అన్నా కంగారుపడొద్దని చెప్పండి. ఆ తర్వాత ఏం చెప్పారో ఇక్కడ రాయండి, కానీ తనతో రాయించండి, తెలుగులో రాకపోతే ఇంగ్లిష్ అక్షరాల్లో అయినా పర్లేదు.